సీలింగు మీద మిణుకుమనే దీపం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇంట్లో స్మోక్ డిటెక్టర్ ఉన్నవాళ్లు దాని మీద పేరుకున్న దుమ్మును ఏడాదికి ఒకసారైనా దులిపించండి అని పోయిన నెల ఈ పేజీలో నాలుగు ముక్కలు రాశాను. దుమ్ము గురించి ఒక్కరూ అడగలేదు. వచ్చిన ఉత్తరాలన్నీ దాని మీద వెలిగే చిన్న దీపం గురించే. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో ఫైర్ అలారాలు బిగించి మరమ్మతులు చేసే పనిలో ఉన్నాను కనుక ఈ ప్రశ్నలు నాకు కొత్త కాదు. నాకు వచ్చే ఫోన్లు కూడా ఇలాంటివే. దీపం వెలుగుతోందని కంగారుపడి ఫోను చేసేవాళ్లు చాలామంది. వెలగడం మానేసిందని చేసేవాళ్లు కనబడరు. నిజానికి కంగారు పడవలసింది వాళ్లు.

ప్రశ్న: మేము ఈమధ్యనే కొత్త అపార్టుమెంటులో చేరాం. పడకగది సీలింగు మీద తెల్లగా, గుండ్రంగా ఒక పరికరం ఉంది. రాత్రి లైట్లు ఆర్పగానే అందులో ఒక ఎర్ర చుక్క కొన్ని సెకన్లకోసారి మిణుకుమంటోంది. మా వారు స్మోక్ డిటెక్టర్ అంటున్నారు. మా అత్తగారికి మాత్రం అది కెమెరా ఏమోనని అనుమానం. ఆమె ఆ గదిలో పడుకోవడమే మానేశారు. దాని మీద నల్ల టేపు అంటించవచ్చా?
– ఒక గృహిణి, మాగుంట లేఅవుట్, నెల్లూరు

జవాబు: టేపు మాత్రం అంటించకండమ్మా. దీపం ఒక్కటే మూస్తే పెద్ద ప్రమాదం లేదు కానీ, టేపు అంటించే చెయ్యి అక్కడితో ఆగదు. చుట్టూ ఉన్న సన్నటి చీలికల మీదికి కూడా పాకుతుంది. పొగ లోపలికి వెళ్లవలసిన దారులు అవే.

మీ అపార్టుమెంటులో ఉన్నది తనంతట తాను మోగే పరికరం కాదు. అది పొగను పసిగట్టి కబురు పంపుతుంది, అంతే. ఆ కబురు అందుకునే ప్యానెల్ కింద సెక్యూరిటీ గదిలోనో, లిఫ్టు పక్కనో ఉంటుంది. ఈ రకం కొత్త వ్యవస్థల్లో ప్రతి డిటెక్టర్‌కూ ఒక నంబరు ఉంటుంది. ప్యానెల్ రోజంతా ఒక్కొక్క నంబరునూ పిలుస్తూ పోతుంది. బడిలో పంతులుగారు హాజరు వేస్తున్నప్పుడు పిల్లలు పలికినట్టు, తన నంబరు వచ్చినప్పుడు డిటెక్టర్ పలుకుతుంది. ఆ పలికినప్పుడు మెరిసేదే మీరు చూస్తున్న ఎర్ర చుక్క. కొన్ని కంపెనీలు మామూలు సమయంలో ఆకుపచ్చ మెరుపునిచ్చి, ఎరుపును ప్రమాదానికి దాచిపెడతాయి. నిద్రకు అడ్డమని ఈ మెరుపును ప్యానెల్ నుంచే ఆపివేసే వీలు కూడా చాలా వ్యవస్థల్లో ఉంది. టేపుకు బదులు మీ అసోసియేషన్ వారిని ఆ సంగతి అడగండి. మెరవడం మానేసి ఎరుపు నిలకడగా వెలుగుతుంటే అర్థం వేరు. పొగ కనిపించింది, ప్యానెల్ దగ్గర ఎవరైనా రీసెట్ చేసేవరకు అలాగే ఉంటుంది.

ఇక అత్తగారి అనుమానం. దాన్ని నవ్వి కొట్టిపారేయను, ఎందుకంటే స్మోక్ డిటెక్టర్ ఆకారంలో కెమెరాలు అమ్మేవాళ్లు ఉన్నారు. అయితే రహస్యంగా కెమెరా పెట్టేవాడు దానికి మిణుకుమనే దీపం పెట్టి మరీ చూడమనడు. గది చీకటి చేసి, టార్చి వేసి, పరికరాన్ని నాలుగు వైపుల నుంచీ చూడండి. కెమెరాకు కటకం తప్పదు. ఎక్కడో ఒక కోణంలో సూదిమొనంత తళుకు కనబడుతుంది. అప్పటికీ ఆమెకు నమ్మకం కుదరకపోతే అసోసియేషన్ టెక్నీషియన్‌ను పిలిపించి, ఆమె ఎదుటే విప్పించండి. కొంచెం తిప్పితే ఊడివస్తుంది. వెనుక కంపెనీ పేరు, మోడల్ నంబరు, లోహపు పట్టీలు కనిపిస్తాయి. మీరే విప్పవద్దు. విప్పిన వెంటనే కింద ప్యానెల్ గోల పెడుతుంది.

ప్యానెల్ దాకా వచ్చాం కనుక ఒక మాట. ఒకసారి కిందికి దిగి దాన్ని చూసి రండి. ఆకుపచ్చ దీపం కరెంటు ఉందని చెబుతుంది. ఎరుపు నిప్పుకు గుర్తు. పసుపు వెలిగితే ఎక్కడో లోపం ఉందని, లేదా ఒక భాగాన్ని ఎవరో కావాలనే ఆపివేశారని అర్థం. నేను చూసే అపార్టుమెంట్లలో ఈ పసుపు దీపం వెలుగుతూ ఉండడం మామూలైపోయింది. దానితోపాటు మోగవలసిన బజర్‌ను మాత్రం ఎవరో నొక్కి ఆపేసి ఉంటారు. వాచ్‌మన్‌ను తప్పుపట్టను. ఆ పసుపు దీపానికి అర్థం ఏమిటో అతనికి చెప్పినవాళ్లు లేరు.

మీది కొత్త ఇల్లు అంటున్నారు, అందుకని ఇంకొకటి. గోడలకు రంగులు వేసేటప్పుడు దుమ్ము పడకుండా డిటెక్టర్‌కు ప్లాస్టిక్ మూత తొడుగుతారు. గృహప్రవేశం అయిపోయినా ఆ మూతలు అలాగే ఉండిపోయిన ఫ్లాట్లు చూశాను. మూత ఉన్నా దీపం శుభ్రంగా మిణుకుమంటూనే ఉంటుంది. లోపల కరెంటు ఉంది, ప్యానెల్‌తో మాట్లాడుతోంది అని మాత్రమే అది చెప్పగలదు. పొగ లోపలికి వెళ్లే దారి తెరిచి ఉందా లేదా అన్నది దానికి తెలియదు. కుర్చీ ఎక్కి చూడవలసింది మనమే.

ప్రశ్న: డాలస్‌లో ఉండే మా అబ్బాయి సెలవులకు వస్తూ రెండు స్మోక్ అలారాలు తెచ్చాడు. ఒకటి బ్యాటరీది. మా పడకగదిలో బిగించాం. ఎర్రదీపం నిమిషానికోసారి మెరుస్తుంది. కొంతకాలంగా తెల్లవారుజామున కీచుమని అరుస్తోంది, పగలు వినిపించదు. రెండోదానికి వెనుక వైర్లు ఉన్నాయి. కరెంటుకు కలిపితే ఆకుపచ్చ దీపం వెలుగుతుందట. ఎలక్ట్రీషియన్ కలుపుతానంటున్నాడు. కలపనివ్వమంటారా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, లాయరుపేట, ఒంగోలు

జవాబు: కలపనివ్వకండి మాస్టారూ. ఈ జవాబు అందేలోపే కలిపేసి ఉండకూడదని నా కోరిక. అమెరికా ఇళ్లలో కరెంటు 120 వోల్టులు, మనది 230. ఆకుపచ్చ దీపం ఒక్క క్షణం వెలిగితే వెలగవచ్చు, తరువాత వచ్చే పొగ మాత్రం ఆ అలారంలోంచే. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెడతానని ఎలక్ట్రీషియన్ అనవచ్చు. వద్దు. ప్రాణాలు కాపాడవలసిన వస్తువును అతుకుల మీద నడపకూడదు. దాన్ని మళ్లీ అబ్బాయి సూట్‌కేసులోనే పెట్టండి.

రేపు మీరు డాలస్ వెళ్లినప్పుడు ఆ రకమే ఇంటి నిండా కనబడుతుంది. కరెంటుతో నడిచేవాటిలో నిలకడగా వెలిగే ఆకుపచ్చ దీపం కరెంటు అందుతోందని చెబుతుంది. పక్కనే ఎర్రదీపం నిమిషానికి ఒకసారి మెరిస్తే అంతా సవ్యం. వెనుక ఉండే ఒక వైరు మిగతా గదుల అలారాలతో కలిపేది. ఒకటి మోగితే అన్నీ మోగుతాయి. అప్పుడు ఏ గదిలో పొగ వచ్చిందో తెలుసుకోవడానికి దీపమే ఆధారం. మొదట పసిగట్టినదాని ఎర్రదీపం గబగబా కొట్టుకుంటుంది. మిగతావి దానికి వంతపాడుతూ మోగుతాయే కానీ వాటి ఎర్రదీపం అలా కొట్టుకోదు. కోడలు ఆఫీసుకు వెళ్లాక మీరిద్దరే ఇంట్లో ఉన్నప్పుడు అప్పడాలు వేయించి ఇల్లంతా మోగిస్తే, ఈ తేడా పనికొస్తుంది. మూడు కూతలు, కాస్త విరామం, మళ్లీ మూడు కూతలు వస్తే అది పొగ. నాలుగేసి చొప్పున కూస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. దానికి రంగూ వాసనా ఉండవు కనుక వెతుకుతూ కూర్చోకుండా బయటికి నడవాలి.

మీ పడకగదిలో ఉన్నదాని సంగతి. దీపం మెరుస్తూ, నిమిషానికి ఒకటి రెండు సార్లు కీచుమంటే బ్యాటరీ అయిపోతోందని అర్థం. తెల్లవారుజామునే ఎందుకు అంటే, చల్లబడినకొద్దీ బ్యాటరీ సత్తువ తగ్గుతుంది. అమెరికాలో చలికాలపు రాత్రులు ఆ పని చేస్తాయి. ఒంగోలులో అంత చలి ఎక్కడిదంటారా? రాత్రంతా నడిచే ఏసీ ఉంటే చాలు. 4 గంటల వేళకు గది బాగా చల్లబడి, అంచున ఉన్న బ్యాటరీ గీత కిందికి జారుతుంది. పొద్దెక్కి గది వేడెక్కగానే మళ్లీ పైకి వస్తుంది.

బ్యాటరీ మార్చండి. వెనుక ఏ రకం వేయమని రాసి ఉంటే అదే వేయండి. మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకునే రకం వద్దు. అవి నెమ్మదిగా హెచ్చరించకుండా ఒక్కసారిగా పడుకుంటాయి. పాత బ్యాటరీ తీశాక, కొత్తది వేసే ముందు, టెస్ట్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోయి, పాత హెచ్చరిక చెరిగిపోతుంది. చాలామంది ఇది చేయక, కొత్త బ్యాటరీ వేసినా అరుస్తోందని ఆ దుకాణదారుణ్ణి తిట్టుకుంటారు.

అప్పటికీ కీచుమంటే వెనుక అచ్చువేసిన తయారీ తేదీ చూడండి. అమెరికా తేదీ కనుక నెల ముందు, రోజు తరువాత ఉండవచ్చు. ఇంట్లో వాడే స్మోక్ అలారానికి ఆయుష్షు 10 సంవత్సరాలు. లెక్క మీరు కొన్నరోజు నుంచి కాదు, తయారైన రోజు నుంచి. వయసు మీరిందని చెప్పడానికి కొన్ని మోడళ్లు కీచుమని ఒకటికి రెండుసార్లు అరుస్తాయి, కొన్నింటిలో పసుపు దీపం మెరుస్తుంది. పిల్లలు అక్కడి పాత ఇంట్లోంచి ఊడదీసి, బాగానే ఉంది కదా అని అమ్మానాన్నలకు తెచ్చి ఇచ్చినవి నా దగ్గరికి వస్తుంటాయి. దీపం వాటిలోనూ చక్కగా మెరుస్తుంది.

వెనుకనే అమెరీషియం-241 అని కనిపిస్తే హడలిపోకండి. అది అయనీకరణ రకం. అందులో అతి కొద్దిగా రేడియోధార్మిక పదార్థం ఉంటుంది. దాని ఆల్ఫా కణాలను కాగితం ముక్క కూడా ఆపుతుంది. గోడకు ఉన్నంతసేపు ఏమీ కాదు. పగలగొట్టడం, కాల్చడం మాత్రం చేయకండి. ఈ రకం మంటతో భగ్గుమనే నిప్పును త్వరగా పట్టుకుంటుంది. పరుపులో, సోఫాలో నెమ్మదిగా రగిలే నిప్పును కాంతితో పనిచేసే రకం ముందుగా గుర్తిస్తుంది. మన ఇళ్లకు నేను రెండోదే సిఫారసు చేస్తాను.

ఆ అలారంతో వచ్చిన కాగితం దాచి ఉంటే, ఎంత వేడిలో పనిచేస్తుందో వెతకండి. అమెరికా కోసం చేసినవాటి మీద తరచుగా 40 నుంచి 100 డిగ్రీల ఫారెన్‌హీట్ అని ఉంటుంది. మన లెక్కలో సుమారు 4 నుంచి 38 డిగ్రీలు. రోహిణీకార్తెలో ఒంగోలు మేడమీది గదుల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. మెట్ల పైన రేకుల కప్పు కింద దాన్ని బిగించకండి.

ప్రశ్న: శుక్రవారం సాంబ్రాణి వేసిన ప్రతిసారీ మా హాల్లోని అలారం మోగుతోంది. ఎండుమిరపకాయలు ఎక్కువ వేసి తాలింపు పెట్టినా అంతే. మోగకుండా ప్లాస్టిక్ సంచి కట్టి, పూజ అయ్యాక తీస్తున్నాం. ఇది తప్పా? ఒకసారి మధ్యలో ఉన్న బటన్ నొక్కితే ఆగింది కానీ ఎర్రదీపం చాలాసేపు కొట్టుకుంటూనే ఉంది. పాడైపోయిందా?
– ఒక పాఠకురాలు, మూలాపేట, నెల్లూరు

జవాబు: పాడవలేదు. మీరు నొక్కినది తాత్కాలికంగా నోరు మూయించే బటన్. చాలా మోడళ్లలో సుమారు 10 నిమిషాల పాటు అలారం మెతకబడుతుంది, ఆ సమయంలో ఎర్రదీపం మామూలు కంటే తొందరతొందరగా మెరుస్తుంది. ఇప్పుడు నేను సగం నిద్రలో ఉన్నాను, గుర్తుంచుకోండి అని చెప్పడం అది. గడువు తీరాక మళ్లీ నిమిషానికోసారి మెరిసే పద్ధతికి వస్తుంది. కాబట్టి సంచి అక్కరలేదు, సాంబ్రాణి వెలిగించే ముందే బటన్ నొక్కండి. కొన్ని మోడళ్లలో మోగుతున్నప్పుడు నొక్కితేనే పనిచేస్తుంది. అప్పుడు ఒక్క కూతను భరించక తప్పదు. సంచి తీయడం ఏదో ఒక శుక్రవారం మరచిపోతారు. సంచిలో ఉన్నా దీపం వెలుగుతుంది కనుక ఎవరికీ అనుమానం రాదు.

సాంబ్రాణి పొగకూ కర్టెన్ కాలిన పొగకూ తేడా దానికి తెలియదు. లోపల చీకటి గదిలో ఒక సన్నటి పరారుణ కిరణం ఉంటుంది. నలుసులు దానికి అడ్డువచ్చి వెలుతురును పక్కకు చెదరగొడితే, ఆ చెదిరిన వెలుతురు కనబడగానే అది మోగుతుంది. దోమల చుట్ట పొగ, స్నానాల గది ఆవిరి, నూనె మరిగిన పొగ, దీపావళి మతాబులు, ఏవైనా నలుసులే. నెల్లూరు చేపల పులుసు రోజంతా కాచినా అది నోరెత్తదు కానీ, చేపల వేపుడుకు ఊరుకోదు. తొలకరి తరువాత దీపాల చుట్టూ మూగే చిన్న పురుగులు లోపల దూరినా మోగుతుంది. అప్పుడు పురుగుల మందు కొట్టకండి. మెత్తటి బ్రష్షుతోనో, వాక్యూమ్ క్లీనర్‌తోనో చీలికల చుట్టూ లాగితే సరి.

మీ అసలు సమస్య దాని చోటు. వంట పొయ్యికి కనీసం 3 మీటర్ల దూరంలో ఉండాలి. సీలింగు ఫ్యాను రెక్క చివరి నుంచి సుమారు ఒక మీటరు ఎడం ఉండాలి. ఫ్యాను గాలి పొగను దాని దగ్గరికి రానివ్వదు. ఈ రెండో సంగతి మన ఇళ్లలో దాదాపు ఎవరూ పట్టించుకోరు, హాలు మధ్యలో ఫ్యాను పక్కనే బిగించేస్తారు. వంటింట్లోనే కావాలంటే పొగది కాక, వేడిని పసిగట్టే డిటెక్టర్ పెట్టించుకోండి. మామూలుగా దొరికేవి 57 డిగ్రీల దగ్గర స్పందిస్తాయి. ఎన్ని తాలింపులు పెట్టినా వాటికి కోపం రాదు.

ప్రశ్న: మా లాడ్జిలో ప్రతి గది తలుపు పైన, వరండా వైపు ఒక చిన్న దీపం ఉంది. రెండు గదుల మీద ఎర్రగా వెలుగుతూ ఉండిపోయింది. గదిలో మనుషులు ఉన్నారని గుర్తు అని పాత మేనేజరు చెప్పాడు. నిజమేనా?
– ఒక లాడ్జి యజమాని, కావలి

జవాబు: కాదండీ. తాళం వేసిన గది లోపల పొగ వస్తే, ఏ గదిలోనో వరండాలో నిలబడే తెలియడానికి పెట్టిన దీపం అది. మామూలుగా ఆరి ఉండాలి. అది వెలిగిందంటే ఆ గది డిటెక్టర్ పొగను గుర్తించిందన్నమాట. ముందుగా తలుపుకు చెయ్యి ఆనించి చూసి, వేడిగా లేకపోతే గది తెరిచి చూడండి. ఏమీ లేకపోతే సిగరెట్టు పొగో, దుమ్మో అయి ఉంటుంది. ప్యానెల్ దగ్గర రీసెట్ చేస్తే ఆరుతుంది, ఆరకపోతే డిటెక్టర్ శుభ్రం చేయించాలి.

ఇది ఈ రోజే చేయండి. ఒకసారి అలారం స్థితిలోకి వెళ్లి అక్కడే నిలిచిపోయిన డిటెక్టర్, నిజంగా నిప్పు అంటుకున్నప్పుడు కొత్తగా చెప్పడానికి ఏమీ ఉండదు. ఆ రెండు గదులనూ అంతవరకు అద్దెకు ఇవ్వకపోవడం మంచిది. మరి ఆ దీపాలు వెలిగినప్పుడు గంట ఎందుకు మోగలేదో కూడా కనుక్కోండి.

ప్రశ్న: పొగాకు బ్యారన్‌లో స్మోక్ డిటెక్టర్ పెడితే లోపల నిప్పు అంటుకుంటే ముందే తెలుస్తుందా?
– ఒక రైతు, టంగుటూరు మండలం

జవాబు: పొగాకును వేడితో ఎండబెట్టే బ్యారన్ లోపల అది పనికిరాదు. ఆకు ఈనె ఎండే దశలో లోపల వేడి 70 డిగ్రీలకు చేరుతుంది. ఇంటి డిటెక్టర్లు ఆ వేడిని తట్టుకునేవి కావు. ఆకు జారి వేడి గొట్టాల మీద పడి అంటుకోవడమే అక్కడ మీ భయం. దానికి గొట్టాల మీద వల, రాత్రి కాపలా మనిషే ఇప్పటికీ దిక్కు. ఎండిన ఆకును మండెలు కట్టి నిల్వ చేసే గదిలో మాత్రం కాంతితో పనిచేసే రకం పెట్టండి. అక్కడ నిప్పు నెమ్మదిగా రగులుతుంది. దుమ్ము ఎక్కువ కనుక శుభ్రం చేయడం మాత్రం తరచుగా ఉండాలి.

ప్రశ్న: మా అమ్మకు వినికిడి తక్కువ. అలారం దీపం చూసి లేస్తుందా?
– కోవూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: లేవలేరు. ఆ దీపం దగ్గరికి వెళ్లి చూసేవారి కోసం, నిద్ర లేపడానికి కాదు. మామూలు అలారం కూత బాగా కీచుగా, సుమారు 3,000 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. వయసుతో మొదట మందగించేది ఆ కీచు శబ్దాలే. 520 హెర్ట్జ్ దగ్గర బొంగురుగా మోగేవి, కళ్లు చెదిరే మెరుపు దీపం ఉన్నవి, దిండు కింద పెడితే అదిరేవి దొరుకుతాయి. అవి దొరికేవరకు మీ గదిలో ఒక అలారం, ఆమె గదిలో ఒకటి పెట్టి, రెండూ కలిసి మోగేలా చూడండి.

ప్రశ్న: మా స్మోక్ డిటెక్టర్ మీద ఆకుపచ్చ దీపం ఎప్పుడూ వెలుగుతోంది. ఇక గ్యాసు లీకవుతుందేమోనన్న భయం అక్కరలేదు కదా?
– ఒక పాఠకురాలు, కందుకూరు

జవాబు: భయం అలాగే ఉంచుకోండమ్మా. ఆ పరికరం గ్యాసును గుర్తించదు. గది నిండా గ్యాసు నిండినా ఆకుపచ్చ దీపం అలాగే వెలుగుతుంది. వంటగ్యాసు గాలికంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. దానికి వేరే డిటెక్టర్ ఉంది, నేలకు జానెడు ఎత్తులో బిగించాలి. ఎవరైనా సీలింగుకు బిగిస్తామంటే సామాను తిరిగి పట్టుకెళ్లమనండి. గ్యాసు వాసన వస్తే ఏ స్విచ్చీ వేయకండి, ఆర్పకండి. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు కిటికీలు తెరిచి అందరూ బయటికి రండి. గ్యాసు లీకుకు 1906, మంటకు 101. ఆ ఫోను కూడా వీధిలోకి వచ్చాకే చేయండి.